ఓడకు అభయం, ఒడ్డుకు అభయం

అనంతపురం మెట్టసీమలో సముద్రాన్ని గురించి ప్రసంగమేమిటని కొందరు శ్రోతలు ఆశ్చర్యపడవచ్చును. ఏటా సగటున 550 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకొనే ప్రాంతం మనది. చెరువు నిండి మరువ పారిన ఏడు మనకు పండుగ. బంగాళాఖాతపు తీరం ఇక్కడికి తిన్నగా కొలిచినా 250 కిలోమీటర్లకు తక్కువ లేదు. అల ఎట్లుండునో చూడకనే కాలం వెళ్ళబుచ్చిన పెద్దలు మన పల్లెలలో ఎందరో ఉన్నారు. అయినప్పటికీ సముద్రంతో మనకు గల సంబంధం నిత్యమైనది. దానిని మూడు విధాలుగా గుర్తించవచ్చును.

మొదటిది వాన. నైరుతి మేఘాలు పడమటి కనుమల మీదనే తమ బరువును చాలావరకు దించుకొని, మన దాకా వచ్చేసరికి తేలికపడును. ఆ లోటును కొంతవరకైనా తీర్చవలసినవి ఈశాన్య ఋతుపవనాలు, బంగాళాఖాతంలో పుట్టే వాయుగుండాలు. మన వేరుసెనగ చేనికి తగిలిన తడి సముద్రం పంపిన తడియే. రెండవది పెన్న. కర్ణాటకలోని నంది కొండల ప్రాంతాన పుట్టి, మన మెట్టను ఒరసుకొని, కడప సీమను దాటి, నెల్లూరు సీమలో అది సాగరంలో కలియును. ఏటిలో నీరున్న సంవత్సరాలలో మన నేల ఇసుకను, ఒండ్రును అది తీరానికి చేరవేయును.

మూడవది సరుకు. నేటి ప్రసంగానికి ముఖ్యమైనది ఇదే. 2020 జనవరి నెలాఖరున తాడిపత్రి నుండి 43 శీతల కంటెయినర్లలో 980 టన్నుల అరటిపండ్లు ప్రత్యేకమైన రైలు మీద ముంబయి దగ్గరి జవహర్‌లాల్ నెహ్రూ రేవుకు బయలుదేరినవి. అక్కడినుండి వాటి ప్రయాణం ఓడ మీద. పెనుకొండ సమీపాన 2019లో ఉత్పత్తి ప్రారంభించిన కార్ల కర్మాగారం నుండి కార్లు ఓడలెక్కి విదేశాలకు పోతున్నవి. రాకపోకలలో రాక సంగతి చూతము. వంటింటి పామాయిలులో అధిక భాగం, పెట్రోలుకు మూలమైన ముడిచమురులో అధిక భాగం, పొలానికి చల్లే పొటాషు ఎరువు దాదాపు అంతా ఓడలలో మన దేశానికి వస్తున్నవే. ప్రపంచ వాణిజ్యంలో పరిమాణాన్ని బట్టి 80 శాతానికి పైగా సముద్రం మీదనే జరుగుచున్నది. మన దేశపు విదేశ వ్యాపారంలో తూకాన్ని బట్టి అది సుమారు 95 శాతం. కనుక సముద్రం మీద ఏమి జరిగినా మెట్టసీమ గృహస్థునకు అందులో పాలున్నది. లాభంలో పాలున్నప్పుడు బాధ్యతలో కూడ ఉండక తప్పదు.

ఓడను నిందించుట ఈ ప్రసంగ ఉద్దేశం కాదని ముందుగానే మనవి చేస్తున్నాను. ఒక టన్ను బరువును ఒక కిలోమీటరు దూరం మోయుటకు లారీకి కాలే ఇంధనం కంటె, రైలుకు కాలే ఇంధనం కంటె, పెద్ద ఓడకు కాలేది తక్కువ. మానవుల వలన వాతావరణంలో చేరుతున్న ఉష్ణవర్ధక వాయువులలో ప్రపంచంలోని ఓడలన్నిటి వాటా సుమారు 3 శాతం. అవి మోసే సరుకును బట్టి చూచినప్పుడు ఇది దుబారా అనుటకు వీలులేదు. ఓడలు ఆగిపోతే మొదట నష్టపోవువారు రైతులు, కార్మికులు. కనుక ఓడ నడవవలెను. అది క్షేమంగా నడవవలెను. అది నడిచే దారిలో ఉన్న సముద్రమూ, అది చేరే తీరమూ చెడకుండ నడవవలెను. ఈ మూడు మాటలను కలిపి చెప్పుట సులభం, కలిపి సాధించుట కష్టం.

ఈ చర్చకు తెలుగుదేశంలో ఏడున్నర శతాబ్దాలకు పైబడిన చరిత్ర ఉన్నది. కాకతీయ గణపతిదేవ చక్రవర్తి క్రీ.శ. 1244లో మోటుపల్లి రేవున ఒక శాసనం వేయించినాడు. అది నేటి బాపట్ల జిల్లాలోని గ్రామం. చరిత్రకారులు దానిని అభయశాసనమంటారు. గాలివానకు దారి తప్పి, దెబ్బతిని తీరానికి కొట్టుకొని వచ్చిన ఓడలలోని ధనాన్ని పూర్వపు రాజులు బలవంతంగా లాగుకొనేవారు. ఓడ పగిలిన వర్తకునకు ప్రాణం దక్కుటయే గొప్ప, సరుకు దక్కేది కాదు. గణపతిదేవుడు ఆ ఆచారాన్ని మాన్పించి, నిర్ణీతమైన సుంకం తప్ప మరేమియు తీసుకొనబోమని పరదేశపు నావికులకు మాట యిచ్చినాడు. ఆనాడు భయం ఓడకు, బలం ఒడ్డుకు. అందుచేత ఒడ్డు ఓడకు అభయమియ్యవలసి వచ్చినది.

నేడు పరిస్థితి తలక్రిందులైనది. మోటుపల్లికి వచ్చిన ఓడలు కొయ్యతో చేసినవి, గాలితో నడిచినవి. అవి మునిగితే వాటిలోని మనుష్యులకు, సరుకుకు మాత్రమే నష్టం. నేటి ఓడలలో కొన్ని మూడువందల మీటర్ల పొడవున్నవి. సరుకు లేకుండ ఉత్త ఓడ పోతున్నప్పుడు కూడ దాని కడుపులో వేల టన్నుల ఇంధనం ఉండును. అటువంటి ఓడకు ప్రమాదం జరిగితే నష్టం ఓడతో పోదు, ఒడ్డు మీదకు వచ్చును. కనుక నేడు ఓడ ఒడ్డుకు అభయమియ్యవలసి యున్నది.

తెలుగువారికి దగ్గరి ఉదాహరణ హిందూ మహాసముద్రంలోని మారిషస్ ద్వీపం. 19వ శతాబ్దిలో కోరంగి మొదలైన రేవుల నుండి మనవారు చెరకుతోటల కూలికి అక్కడికి పోయినారు. కోరంగి రేవు పేరునుబట్టి తెలుగువారిని అక్కడ కొరింగీలని పిలిచేవారు. నేటికీ ఉగాది ఆ దేశంలో ప్రభుత్వ సెలవుదినం. ఆ ద్వీపపు ఆగ్నేయ తీరాన 2020 జులై 25వ తేదీన వకాషియో అనే పెద్ద ఓడ పగడపు దిబ్బలకెక్కినది. అందులో సరుకు లేదు. ఇంధనం మాత్రం సుమారు నాలుగువేల టన్నులున్నది. ఆగస్టు మొదటి వారంలో ఓడ పగిలి, అందులో సుమారు వేయి టన్నులు సముద్రంలో కలిసినది. పగడాలకు, మడ అడవులకు, జాలరుల బ్రతుకుకు దెబ్బ తగిలినది. జనులు చెరకు ఆకును గుడ్డసంచులలో కుక్కి, తేలియాడే కట్టలుగా కుట్టి, నూనెకు అడ్డం వేసినారు.

ఈ ప్రమాదానికి తుపాను కారణం కాదు. ఓడను నడిపించిన సంస్థ తరువాత వెల్లడించిన వివరాల ప్రకారం, మొదట తీరానికి 22 నాటికల్ మైళ్ళ దూరాన పోవలసిన దారిని 5 మైళ్ళకు, అటుపైన 2 మైళ్ళకు తగ్గించినారు. సెల్‌ఫోను సంకేతం అందుకొనుట దానికి హేతువు. తీరం దగ్గర పనికివచ్చేంత వివరమైన పటం కూడ వారు వాడలేదు. నెలల తరబడి నీటి మీద ఉండే నావికునకు ఇంటివారితో మాట్లాడవలెననే కోరిక సహజం. ఆ కోరిక తీరే ఏర్పాటు ఓడలోనే ఉండి ఉంటే ఆ తీరానికి ఆ గతి పట్టేది కాదేమో! నావికుని సౌఖ్యం, ఓడ భద్రత, తీర రక్షణ వేరువేరు అంశాలని మనం భావిస్తాము. మారిషస్‌లో అవి మూడూ ఒక్క త్రాటిన ముడిపడి కనిపించినవి.

ఇక మన తీరానికి వత్తము. 2017 జనవరి 28వ తేదీ తెల్లవారుజామున, చెన్నైకి ఉత్తరాన ఎన్నూరు దగ్గర కామరాజర్ రేవు ఎదుట రెండు ఓడలు ఢీకొన్నవి. ఒకటి వంటగ్యాసు మోసే ఓడ, రెండవది నూనెలు మోసే టాంకరు. చమురు ఒలకలేదన్న మాట మొదట వినిపించినది. కొలది దినాలలోనే నల్లని జిగట మడ్డి మైళ్ళకొలది తీరాన్ని కప్పివేసినది. కోస్తా రక్షక దళంవారు, విద్యార్థులు, జాలరులు, స్వచ్ఛంద సేవకులు రాళ్ళ నడుమ నిలిచి ఆ మడ్డిని బక్కెట్లతో తోడిపోసినారు. చేపలు కొనేవారు వెనుకాడినందున, వలకు పడినది కూడ అమ్ముడుపోని స్థితి జాలరులకు వచ్చినది. మహానగరం ప్రక్కనే, పెద్ద రేవుల ముంగిటనే జరిగిన ప్రమాదానికి బక్కెట్లు దిక్కు కావలసి వచ్చినదంటే, సన్నాహంలో ఉన్న లోపం తెలియును.

2025 మే 25వ తేదీన కేరళ తీరాన, కొచ్చికి దూరంగా, ఎమ్మెస్సీ ఎల్సా 3 అనే ఓడ 640 కంటెయినర్లతో మునిగినది. అందులోని 24 మంది నావికులనూ రక్షించగలిగినందుకు సంతోషించవలెను. కాని కొన్ని పెట్టెలలో ప్రమాదకరమైన రసాయనాలున్నవి. మరికొన్ని పెట్టెలు పగిలి, కందిగింజలంతేసి ప్లాస్టిక్ గుళికలు తీరం పొడుగునా ఇసుకలో కలిసినవి. చమురు కొంతకాలానికి విరుగును. ఈ గుళికలను ఇసుక నుండి వేరుచేయుట చేటలో చెరిగినంత సులభం కాదు. కేరళ ప్రభుత్వం ఆ ప్రమాదాన్ని రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, నష్టపరిహారానికై హైకోర్టులో దావా వేసినది.

ప్రమాదం జరిగితేనే తీరానికి హాని అనుకొనరాదు. రేవు కట్టుటలోనే కొంత హాని ఇమిడియున్నది. మన తూర్పుతీరాన అలల వాలు వలన ఇసుక ఏటా దక్షిణం నుండి ఉత్తరానికి నడచును. సముద్రంలోనికి రాతికట్ట వేస్తే ఆ నడక ఆగిపోవును. 19వ శతాబ్ది చివరి పాదంలో మద్రాసు రేవు కట్టిన తరువాత జరిగినది ఇదే. కట్టకు దక్షిణాన ఇసుక మేట వేసి మెరీనా విశాలమైనది. ఉత్తరాన రాయపురం తీరం కోతకు గురియైనది. సాయంకాలం మెరీనాలో షికారు చేయువారు త్రొక్కే ఇసుకలో రాయపురానికి పోవలసిన ఇసుక కూడ ఉన్నది.

విశాఖపట్నంలో 1933లో రేవు ప్రారంభమైనది. బయటి రేవు 1976లో వచ్చినది. అక్కడ కూడ ఇదే చిక్కు. కట్టకు అడ్డుపడి పేరుకొనే ఇసుకను తవ్వోడలతో తోడి, ఉత్తరాన ఉన్న తీరానికి గొట్టాల ద్వారా చేర్చే పద్ధతి అవలంబించినారు. ప్రకృతి ఉచితంగా చేస్తున్న పనిని మనుష్యుడు కూలి ఇచ్చి చేయించుకొనుట అన్నమాట. ఈ పని ఏటా క్రమం తప్పక జరుగవలెను. ఒక ఏడు మానితే తీరం ఆ లోటును చూపించును. దీనికి తోడు నదుల మీద ఆనకట్టలు పెరిగినకొద్దీ తీరానికి చేరే ఇసుక తగ్గును. పెన్న ఎండినప్పుడు మనకు సాగునీరు మాత్రమే పోదు. నెల్లూరు తీరానికి అందవలసిన ఇసుక కూడ పోవును. ఆ నది సాగరంలో కలిసే చోటికి దక్షిణాననే 2008 నుండి పనిచేస్తున్న కృష్ణపట్నం రేవు ఉన్నది. మెట్టకు, తీరానికి గల లంకె అట్టిది.

మరి ఉపాయమేమి? ఉపాయాలు లేకపోలేదు. అవి ఒక్కొక్కటే, ఒక్కొక్క ప్రమాదం తరువాత వచ్చినవి. పూర్వం ఇంగ్లాండులో కొందరు ఓడల యజమానులు శక్తికి మించిన బరువెత్తి, భీమా కట్టి, నావికులను సముద్రానికి అప్పగించేవారు. శామ్యూల్ ప్లిమ్‌సాల్ అనే పార్లమెంటు సభ్యుడు పోరాడగా, 1876లో ప్రతి ఓడ ప్రక్కనా బరువు గీత గీయవలెననే చట్టం వచ్చినది. 1912లో టైటానిక్ మునిగినది. 1914లో సముద్రం మీద ప్రాణరక్షణకు అంతర్జాతీయ ఒడంబడిక వచ్చినది. 1967 మార్చిలో టోరీ కాన్యన్ అనే టాంకరు అడ్డదారిన పోయి ఇంగ్లాండు నైరుతి మూలన రాళ్ళకు తగిలి, లక్ష టన్నులకు పైగా ముడిచమురును సముద్రం పాలు చేసినది. దానిని కడుగుటకు చల్లిన మందులు తీరంలోని జీవరాశికి చమురు కంటె ఎక్కువ చేటు చేసినవి. ఆ అనుభవం నుండి 1973లో, దాని సవరణగా 1978లో, ఓడల వలన కలిగే కాలుష్యాన్ని అరికట్టే మార్పోల్ ఒడంబడిక పుట్టినది. 1989లో అలాస్కా తీరాన ఎక్సాన్ వాల్డెజ్ ప్రమాదం జరిగిన తరువాత కొత్త టాంకర్లకు జంట గోడలుండవలెననే నియమం స్థిరపడినది. 2017 నుండి, ఒక సముద్రంలో నింపుకొన్న బరువునీటిని శుద్ధి చేయకుండ మరొక సముద్రంలో వదలరాదనే ఒడంబడిక అమలులోనికి వచ్చినది. 2020 జనవరి నుండి ఓడల ఇంధనంలో గంధకం 3.5 శాతం నుండి 0.5 శాతానికి తగ్గినది.

ఈ నియమాల వరుసను పరిశీలిస్తే ఒక సత్యం బోధపడును. మొదట వచ్చినవి నావికుని ప్రాణం కొరకు, తరువాత వచ్చినవి తీరం కొరకు. కాని బరువు గీత దాటని ఓడ సులభంగా మునగదు గనుక తీరాన్ని మలినం చేయదు. జంట గోడల ఓడ రాళ్ళకు తగిలినా అందులోని చమురు నిలిచే అవకాశం హెచ్చు. అలసిపోని నావికుడు దారి తప్పడు. భద్రతకు, సంరక్షణకు తగవున్నదని చెప్పేవారు ఈ చరిత్రను చూడవలెను. అసలు తగవు వాటి నడుమ లేదు. తగవంతా ఖర్చు ఎవరు భరించవలెననే దగ్గర ఉన్నది.

ఖర్చు నిజమైనదే. మంచి ఇంధనం ఖరీదు హెచ్చు. జంట గోడలకు ఇనుము హెచ్చు. ఇసుక తోడుటకు ఏటా వ్యయం. అదంతా తుదకు కిరాయిలో చేరును. అరటిరైతు, కార్ల వర్తకుడు, పామాయిలు కొనే గృహిణి దానిని తలాకొంచెం భరించవలెను. మన రైతుకు ప్రతి పైసా విలువైనదే, ఆ మాట కాదనుటకు వీలులేదు. కాని ఖర్చు తగ్గించుకొనుటకై భద్రతను తగ్గిస్తే ఆ పొదుపు కోట్ల మందికి చిల్లరగా పంచిపెట్టబడును. నష్టం వచ్చిననాడు అది ఎన్నూరు వంటి కొద్ది పల్లెల నెత్తిన మొత్తంగా పడును. ఆ పల్లెలలోని జాలరి మన మెట్టరైతు వంటివాడే. అతనికి వల, మనకు నాగలి. మనకు వాన తప్పినప్పుడు ఎట్లుండునో, అతనికి నీరు చెడినప్పుడు అట్లే.

ఈ న్యాయం మన సీమకు క్రొత్త కాదు. మన గొలుసుకట్టు చెరువులను తలచుకొనండి. పై చెరువు కట్ట తెగితే క్రింది ఊరు మునుగును. అందుచేతనే పై ఊరివారు తమ కట్టను తమ కొరకే గాక క్రింది ఊరి కొరకు కూడ కాపాడవలసి యుండేది. చెరువు త్రవ్వించి మరమ్మతులు చూచేవారికి దశబంధ ఇనాములుండేవి. నీటి వలన ఫలం పొందే నేల నుండియే చెరువు రక్షణకు వ్యయం సమకూడవలెననేది అందులోని సూత్రం.

అంతర్జాతీయ న్యాయం ఇరవయ్యవ శతాబ్దిలో చేరుకొన్నది కూడ ఇట్టి సూత్రానికే. ముడిచమురు మోసే టాంకరు నుండి చమురు ఒలికితే ఓడ యజమాని నిర్బంధ భీమా ద్వారా పరిహారమియ్యవలెను. అది చాలనప్పుడు సముద్రం ద్వారా చమురు తెప్పించుకొనే కంపెనీల చందాలతో ఏర్పడిన ఉమ్మడి నిధి ఆదుకొనును. భారతదేశం ఆ ఏర్పాటులో సభ్యురాలు. అయితే సాధారణమైన సరుకు ఓడ నుండి దాని సొంత ఇంధనం ఒలికినప్పుడు ఈ ఉమ్మడి నిధి వర్తించదు. మారిషస్ విషయంలో జరిగినది అదే. ఈ కొరతను పూడ్చుట నేటి కర్తవ్యాలలో ఒకటి.

1958 నాటి మర్చంటు షిప్పింగు చట్టం స్థానంలో 2025లో పార్లమెంటు క్రొత్త చట్టం చేసినది. చట్టం ఎంత మంచిదైనా అమలును బట్టియే దాని విలువ. రేవుకు వచ్చిన ఓడను, దాని జెండా ఏ దేశానిదైనా, మన తనిఖీదారులు నిర్మొగమాటంగా పరీక్షించవలెను. ప్రతి పెద్ద రేవులో చమురును అడ్డగించే తేలుకట్టలు, తోడే యంత్రాలు సిద్ధంగా ఉండవలెను. ఏడాదికొకసారైనా వాటితో అభ్యాసం జరుగవలెను. రేవు కట్టక ముందే ఇసుక లెక్క చూచి, కట్టిన తరువాత తీరం కోతకు జవాబుదారీ వహించవలెను. బహిరంగ విచారణలలో జాలరుల మాట కాగితాల మీదనే నిలిచిపోక, నిర్ణయంలోనికి రావలెను. ప్రమాదం జరిగిన దినాననే నిజం చెప్పవలెను. ఆలస్యమైన ప్రతి గంటకు చమురు మరింత దూరం ప్రాకును.

ఇందులో మెట్టసీమవారి కర్తవ్యమేమని అడుగవచ్చును. సరుకు పంపే సహకార సంఘాలు, వర్తకులు కిరాయి బేరంలో ధరను మాత్రమే గాక ఓడ పరిస్థితిని, భీమాను కూడ అడిగి తెలుసుకొనవచ్చును. అడిగేవారున్నచోట జాగ్రత్త పెరుగును. పౌరులుగా మనం రేవుల విషయం తీరపు జిల్లాలవారి గొడవ అని విడిచిపెట్టరాదు. కరువు మా గొడవ మాత్రమే కాదని, దేశమంతటి గొడవ అని మనం ఎన్ని దశాబ్దాలుగా చెప్పుకొంటున్నాము! ఆ మాటనే తీరంవారు మనతో అన్నప్పుడు వినవలసిన ధర్మం మనకున్నది.

మోటుపల్లి శాసనం వెలసిననాడు వర్తకం తగ్గలేదు. నమ్మకం కలిగినచోటికి ఓడలు వచ్చినవి. ఒడ్డుకు కూడ అటువంటి నమ్మకం నేడు కలిగించగలిగితే, తాడిపత్రి తోటలో పండిన గెల నిశ్చింతగా సముద్రం దాటును, అది దాటిన సముద్రంలో జాలరి వల నిశ్చింతగా పడును.